ఏడో నిబంధన

జిరాక్సు షాపులో కూర్చుని
చాలా బతుకుల్ని గడుల్లో నింపాను.
రేషన్ కార్డులు, కులం సర్టిఫికెట్లు,
ఒకసారి ఎవరిదో ప్రేమలేఖ కూడా.
చెత్త కోసం డబ్బులడిగే దరఖాస్తు మాత్రం
ఇదే మొదలు.

పోశవ్వ స్టూలు మీద కూర్చుంది,
చేతులకు ఉల్లిపొట్టు వాసన.
పక్కన పాత సామాన్ల దుకాణం షమీమ్ బీ
తూకం రాయిలా కదలకుండా నిలబడింది.

సంస్థ పేరు?
"పేరెందుకు బిడ్డా, అడ్డగుట్టల మేమెవలకు ఎరుకలేం?"
స్థాపించిన సంవత్సరం?
ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.
"ప్లాస్టిక్ అడ్డంబడి నాలా పొంగింది జూడు,
మంచం కోళ్ల దాంక నీళ్లొచ్చినయ్,
గా యేడు."
గడి అంకెలు తప్ప ఇంకేం తీసుకోదు.

సభ్యులెందరు?
పదకొండు మంది ఆడవాళ్లు, ఒక తోపుడు బండి.
ఇరానీ హోటల్లో పొద్దుటి షిఫ్టు పిలగాడు,
రోజూ రెండు బకెట్ల ఉడికిన చాయ్‌పత్తా పంపేవాడు,
"వాన్ని గూడ రాయి."
మరి వానపాముల్నో, అని నవ్వాను.
పోశవ్వ నవ్వలేదు.
"రాయి. మా అందరికంటె ఎక్కువ పని వాటిదే."

మీ వంతుగా పది శాతం: పద్దెనిమిది వేలు.
ఇక్కడే చాలామంది లేచి వెళ్లిపోతారు.
షమీమ్ బీ సంచీలోంచి నోటుబుక్కు తీసింది.
ఒకవైపు మనవడి పన్నెండో ఎక్కం,
రెండోవైపు ఎనిమిది నెలల లెక్క:
అట్టలు. పాల కవర్లు. తెగిన చెప్పులు.
నిమజ్జనం తెల్లారి సీసాలు, మూడొందల పన్నెండు.
పెండ్లి హాలు వెనక ఏరిన నీళ్ల బాటిళ్లు, నాలుగు గోతాలు.
ఒక పేజీ మీద నూనె మరక,
దాని కింద అంకె కనిపించదు.
"అది నాకు యాదుంది," అంది.
మొత్తం పద్దెనిమిది వేల నలభై.
"పై నలభై నీ టైపింగుకు."

అంతా అయింది, సంతకాలు, వేలిముద్రలు.
అప్పుడు కంటపడింది
చీమంత అక్షరాల్లో ఏడో నిబంధన:
నిధులు కోరే పని
ఇదివరకే ప్రారంభమై ఉండరాదు.

షట్టరు సగం దించి వాళ్ల వెంట వెళ్లాను.
కమ్యూనిటీ హాలు వెనక
కాల్చిన చువ్వతో బొక్కలు పెట్టిన నీలం డ్రమ్ములు నాలుగు.
పోశవ్వ మూత ఎత్తింది.
పుష్యమాసపు చలిలో ఆవిరి లేచింది.
క్యాబేజీ ఆకులు, గుడ్డు పెంకులు,
ఎవరి పటం మీదనో వాడిన బంతిపూలు,
పైన చాయ్‌పత్తా నల్లటి దుప్పటి.
నా చేయి పట్టుకుని లోపలికి తోసింది.
వెచ్చగా ఉంది,
జ్వరం దిగుతున్న పిల్ల కడుపులా.

ఇదంతా మొదలు కానట్టు ఎట్లా రాయాలి?
"మేం మొదలువెట్టలే బిడ్డా," అంది పోశవ్వ.
"ఒక్కతాన పోసి ఇడ్సిపెడితె అదే మొదలైతది.
మేం ఊకె కలబెడ్తం."
ఆమె గోళ్ల కింద నలుపు చూశాను.
ప్రారంభ తేదీ గడిలో
ఒక గీత గీశాను.
అబద్ధం కాదనే అనుకుంటున్నా.
రాత్రి రెండుసార్లు మెలకువ వచ్చింది.

ముప్పై రోజులకు జవాబొచ్చింది.
ముక్కలు కోసే మిషన్ లేదు, షెడ్డు రేకు లేదు,
ఒకటే వాక్యం:
మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది.

"పరిశీలనంటే?"
చెప్పడానికి నాకూ సరిగా తెలియదు.
కాగితాలన్నీ ఒకచోట పేరుస్తారు,
మీద ఇంకొన్ని పేరుస్తారు, అన్నాను.

పోశవ్వ కాసేపు ఆలోచించింది.
"కలబెట్టేటోళ్లున్నరా ఆడ?
లేకుంటె కంపు గొడ్తది."
చెప్పుల్లో కాళ్లు పెడుతూ షమీమ్ బీని పిలిచింది,
దరఖాస్తు నంబరు ఒక చీటీ మీద
పెద్ద అక్షరాలతో రాసిమ్మంది.
సోమవారం పదకొండు మందీ బస్సెక్కారు.